యతి దగ్గర ఆగిన దువ్వెన

చిన్నప్పుడు నా జుట్టు బాగా ఒత్తుగా, ఉంగరాలు తిరిగి ఉండేది. రాత్రి పడుకుని లేచేసరికి ఎక్కడికక్కడ చిక్కులు పడిపోయేది. దువ్వెన పెడితే చాలు, కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగేవి. పొద్దున్నే అమ్మ దువ్వెన చేతిలోకి తీసుకుందంటే నేను మంచం కింద దూరేదాన్ని. నన్ను బయటికి లాగి కూర్చోబెట్టడానికి అమ్మ బతిమాలి చూసింది, కోప్పడి చూసింది. ఏదీ పని చేయలేదు. చివరికి పని చేసింది పద్యం.

"రెండు జడలకి రెండే పద్యాలు. పద్యం అయిపోయేసరికి జడ అయిపోతుంది. ఒప్పందమేనా?" అంది ఒకరోజు.

ఎంతసేపు ఓర్చుకోవాలో తెలిస్తే పిల్లలు ఓర్చుకుంటారు. ఆ సంగతి అమ్మకి ఎవరు చెప్పారో తెలీదు. నేను ఆమె మోకాళ్ళ మధ్య కూర్చునేదాన్ని. ఆమె నెమ్మదిగా పద్యం ఎత్తుకునేది. మాట సాగుతుంటే దువ్వెన సాగేది. చిక్కు గట్టిగా తగిలితే గొంతు కాస్త తగ్గి, వేళ్ళతో చిక్కు విడదీసి, మళ్ళీ అదే మాట దగ్గర అందుకునేది. పాదం మధ్యలో ఒకచోట మాత్రం చిక్కున్నా లేకపోయినా దువ్వెన ఆగేది. ఆగి, "ఇప్పుడేం వస్తుంది?" అని అడిగేది. నేను చెబితేనే దువ్వెన కదిలేది.

ఆ ఆగే చోటుని యతి అంటారని తర్వాత తెలిసింది. నాకది పుస్తకంలో నేర్చుకున్న సంగతి కాదు, నెత్తి మీద నేర్చుకున్న సంగతి.

మొట్టమొదట ఆమె నేర్పింది పద్యం కూడా కాదు, వేమన పద్యాల ఆఖరి పాదం. విశ్వదాభిరామ వినుర వేమ. దాన్ని ఆమె ఐదు ముక్కలుగా విరిచి నా అరచేతిలో ఐదు సార్లు కొట్టి చూపించేది. విశ్వ. దాభి. రామ. వినుర. వేమ. "చూడు, ఐదు అడుగులు. మొదటి అడుగు 'వి'తో వేశాం. నాలుగో అడుగు దేనితో పడింది?" అని అడిగేది. "వి!" అని అరిచేదాన్ని. "అదీ. మొదటి అడుగూ నాలుగో అడుగూ స్నేహితులు. ఒకరు ఉన్నారంటే రెండోవాళ్ళు వచ్చి తీరాలి." యతి గురించి ఆమె చెప్పిన పాఠం అంతే. ఛందస్సులో ఆ సంబంధాన్ని యతిమైత్రి అంటారనీ, మైత్రి అంటే స్నేహమేననీ చాలా ఏళ్ళ తర్వాత చదివినప్పుడు నాకు ఒళ్ళు పులకరించింది. అమ్మ కల్పించి చెప్పిందనుకున్న మాట అసలు పేరులోనే ఉంది!

సంస్కృతంలో యతి అంటే విరామం, గొంతు ఆగే చోటు. తెలుగులో ఆగక్కర్లేదు. పాదం మొదటి అక్షరానికి కుదిరే అక్షరం ఆ చోట పడితే చాలు. అచ్చంగా అదే అక్షరం కానక్కర్లేదు, 'ద'కి 'త' కుదురుతుంది, 'చ'కి 'స' కుదురుతుంది, వాటి మీద ఉన్న అచ్చులు కూడా కుదరాలి. మా అమ్మ దువ్వెన మాత్రం రెండు పద్ధతులూ పాటించేది. అక్షరం కుదిరిన చోటే ఆగేది కూడా.

ఈ ఆట వల్ల ఏం జరిగిందో ఇప్పుడు వెనక్కి తిరిగి చూస్తే తెలుస్తోంది. పద్యం గుర్తుపెట్టుకోవడానికి కావలసిన కొక్కేలన్నీ పద్యంలోనే ఉన్నాయి. పాదం మొదటి అక్షరం గుర్తుంటే మధ్యలో రావలసిన మాట ఏ అక్షరంతో మొదలవుతుందో ఊహించొచ్చు. కందం లాంటి పద్యాల్లో ప్రాస కూడా ఉంటుంది, అంటే నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరం అదే హల్లు. ఒక పాదం చేతిలో ఉంటే తర్వాతి పాదం తలుపు సగం తెరిచి ఉన్నట్టే. రాసిన కాగితం దగ్గర లేని మనుషులు వందల ఏళ్ళ పాటు పద్యాల్ని నోట్లో దాచుకోగలిగారంటే ఈ కొక్కేల వల్లే అని నా నమ్మకం.

అమ్మ దగ్గర ఒక పొడుగాటి చిట్టా పుస్తకం ఉండేది. నిజానికి అది లెక్కలు రాసుకునే పుస్తకమే. ముందు పేజీల్లో ఎవరివో పాత జమాఖర్చులు, మధ్య నుంచి పద్యాలు. అమ్మమ్మకి చదువు రాదు. ఆమె నోటితో చెబుతుంటే అమ్మ పదమూడేళ్ళ వయసులో పెన్సిల్‌తో రాసుకున్నవి. కొన్నిచోట్ల రెండు పాదాలే ఉండి కింద ఖాళీ ఉండేది. "అమ్మమ్మకి గుర్తు రాలేదు, తర్వాత చెబుతానంది" అనేది అమ్మ. ఆ ఖాళీల్లో కొన్ని తర్వాత ఇంకో రంగు సిరాతో నిండాయి. కొన్ని అలాగే ఉన్నాయి. ఒక పద్యం కింద మాత్రం రెండు రకాల మూడో పాదాలు ఉన్నాయి, ఒకటి అమ్మమ్మ చెప్పింది, ఒకటి పక్కింటావిడ చెప్పింది. "ఏది కరెక్టు?" అని అడిగితే, "రెండూ నడుస్తున్నాయిగా" అంది అమ్మ.

వేమన పద్యాల సంగతీ అలాంటిదే. అవి జనం నోళ్ళలో, తాటాకుల్లో రకరకాలుగా ఉండిపోతే, సి.పి. బ్రౌన్ అనే ఇంగ్లీషు ఉద్యోగి ఆ రాతప్రతులు పోగుచేయించి, పోల్చి చూసి, 1829లో అచ్చు వేయించాడు. కాలేజీ రోజుల్లో ఈ విషయం చదివినప్పుడు నాకు వెంటనే మా అమ్మ చిట్టా పుస్తకమే కళ్ళ ముందు మెదిలింది. పెన్సిల్ పట్టుకున్న పదమూడేళ్ళ పిల్ల, గోడకి చేరగిలబడి కళ్ళు మూసుకుని గుర్తు తెచ్చుకుంటున్న తల్లి. అది కూడా పోగుచేయడమే కదా.

నాన్నది వేరే దారి. ఆయనకి పద్యం అంటే కొలత. మా ఇంట్లో కుళాయి సన్నగా వచ్చేది. బకెట్ కింద పెట్టి అక్కడే నిలబడి సీసం ఎత్తుకునేవారు. సీసం అంటే మామూలు పద్యం కాదు, నాలుగు పొడవాటి పాదాలు, ఒక్కో పాదంలో ఎనిమిది గణాలు, అంటే అమ్మ చెప్పిన అడుగులు, కింద ఎత్తుగీతి అనే చిన్న పద్యం, అది తేటగీతో ఆటవెలదో. అంత సాగుతుంది కాబట్టే ఆయనకి ఇష్టం. "బకెట్‌కి రెండు సీసాలు పడుతుంది" అనేవారు. ఒకసారి ఇంటికి వచ్చిన ఆయన స్నేహితుడొకాయన ఆ మాట విని, బకెట్‌లో రెండు సీసాల నీళ్ళే ఎలా పడతాయని చాలాసేపు ఆలోచించి, మొహమాటపడుతూ అడిగారు. ఆ రోజు మా ఇంట్లో నవ్వులే నవ్వులు. వేసవిలో కుళాయి ఇంకా సన్నబడితే మూడు సీసాలు, నాలుగు సీసాలు అయ్యేది. నాన్న గొంతు ఎంతసేపు వినిపిస్తోందో దాన్ని బట్టి నీళ్ళు ఎలా వస్తున్నాయో లోపలున్న అమ్మకి తెలిసిపోయేది.

రాత్రిళ్ళు కరెంటు పోతే పెరట్లోకి వెళ్ళాలంటే నాకు భయం. అన్నయ్య నా మీద అరిచేవాడు. నాన్న అరవలేదు, "పద్యం చదువుకుంటూ వెళ్ళు, గట్టిగా చదువు, నేను వింటుంటాను" అన్నారు. నేను చీకట్లో నడుస్తూ చదివేదాన్ని. ఎక్కడైనా తడబడితే లోపల నుంచి ఆయన అందించేవారు. చీకటి అంతే ఉండేది, కాకపోతే ఆ చీకట్లో నాన్న గొంతు ఒక తాడులాగా నన్ను పట్టుకుని ఉండేది.

ఇన్ని చెబుతున్నాను కదా అని మాది పండితుల ఇల్లు అనుకోకండి. నాన్నది గుమాస్తా ఉద్యోగం. అమ్మ ఎనిమిదో క్లాసు వరకే చదివింది. గోడల నిండా పుస్తకాలేం లేవు. పద్యం మా ఇంట్లో దువ్వెనలాగా, బకెట్‌లాగా ఒక వాడుక వస్తువు. ఎప్పుడు ఏ పనికి ఏది తీయాలో అందరికీ తెలుసు.

బడికి వెళ్ళాక అది మారింది. అక్కడ పద్యం అంటే మార్కులు. ప్రతిపదార్థం, తాత్పర్యం, అలంకారం. రేపటికల్లా కంఠతా పట్టుకు రావాలి, ఒక్క అక్షరం పోతే సగం మార్కు పోతుంది. ఒకరోజు నాకు బాగా వచ్చిన పద్యాన్నే నిలబెట్టి అప్పజెప్పమన్నారు. నేను అలవాటు ప్రకారం యతి దగ్గర ఆగాను. ఎవరో "ఇప్పుడేం వస్తుంది?" అని అడుగుతారన్నట్టు. "రాదా? రాకపోతే కూర్చో" అన్నారు. కూర్చున్నాను. వచ్చని చెప్పడానికి నోరు రాలేదు. ఆ సాయంత్రం నుంచి కొన్నేళ్ళ పాటు నేను బయట ఎవరి ముందూ పద్యం చదవలేదు. జడలు కూడా నేనే వేసుకోవడం మొదలుపెట్టాను. అమ్మ ఏమీ అనలేదు. దువ్వెన అద్దం దగ్గర పెట్టి వెళ్ళిపోయేది.

కాలేజీలో లైబ్రరీ ఉండేది. అక్కడే మొదటిసారి ఆధునిక కవిత్వం చదివాను. యతి లేదు, ప్రాస లేదు, గణాల లెక్క లేదు. పాదాలు ఎక్కడ పడితే అక్కడ విరిగేవి. నాకు ఊపిరాడినట్టయింది. సెలవులకి ఇంటికి వెళ్ళినప్పుడు ఆ కవితలు అమ్మకి చదివి వినిపించాను. కాస్త రెచ్చగొడదామనే ఉద్దేశం కూడా ఉంది. ఆ వయసు అలాంటిది. ఆమె చాలా శ్రద్ధగా విని, "బాగుందే. కానీ నేనెక్కడ ఆగాలి?" అని అడిగింది.

నా దగ్గర జవాబు లేదు. మర్నాడు గురజాడ ముత్యాల సరాలు చదివాను. అవి 1910లో వచ్చినవి, నాకు కొత్తగా అనిపించినా అప్పటికే పాతవి. ఆ రోజు తలంటుకున్నాను కాబట్టి చాలా కాలం తర్వాత అమ్మ దువ్వెన పట్టుకుంది. నేను చదువుతుంటే నాలుగో పాదం అయ్యేసరికి నా తల మీద దువ్వెన ఒక లెక్క ప్రకారం పడటం తెలిసింది. ఒక చిన్న దువ్వు, ఒక పెద్ద దువ్వు. చిన్నది, పెద్దది. "ఇది మూడూ నాలుగూ, మూడూ నాలుగూ నడుస్తోందే" అంది. నిజమే. మాత్ర అంటే పొట్టి అక్షరం పలికేంత సేపు. ముత్యాల సరం నడక మూడు మాత్రలు, నాలుగు మాత్రలు, మళ్ళీ మూడు, మళ్ళీ నాలుగు. మా లెక్చరర్ బోర్డు మీద గీతలు గీసి గంటసేపు చెప్పిన దాన్ని మా అమ్మ దువ్వెనతో అర నిమిషంలో పట్టేసింది. "దీంట్లో ఆగక్కర్లేదు. దీంతో నడిస్తే చాలు" అంది.

వచన కవిత్వానికీ, పద్యానికీ మధ్య ఏదో గొడవ ఉందని, మనం ఏదో ఒక పక్షాన నిలబడాలని నేను అప్పటిదాకా అనుకునేదాన్ని. ఆ రోజుతో నాకు ఆ గొడవ తీరిపోయింది. ఒకదానితో ఆగుతాం, ఒకదానితో నడుస్తాం. రెండూ కావాలి.

తర్వాత మామూలే. ఉద్యోగం, పెళ్ళి, పాప, బదిలీలు. పుస్తకాలు కొన్నాను, చదవలేదు. ఆదివారం తీరిగ్గా కూర్చుని కవిత్వం చదవాలని అనుకుంటూనే ఎన్నో ఆదివారాలు గడిచిపోయాయి. కవిత్వానికి ప్రత్యేకంగా టైమ్ కేటాయించాలనుకోవడమే నేను చేసిన పొరపాటని ఇప్పుడు అనిపిస్తుంది. మా ఇంట్లో ఎవరూ దానికి టైమ్ కేటాయించలేదు. ఉన్న పనికే దాన్ని తగిలించారు.

నాన్నకి గుండె ఆపరేషన్ జరిగిన రాత్రి అది నాకు తిరిగొచ్చింది. ఆపరేషన్ థియేటర్ బయట కారిడార్‌లో ఇనప కుర్చీలు. అమ్మ, నేను. అన్నయ్య మందుల కోసం కిందికి పరిగెత్తాడు. నాలుగు గంటలు పడుతుందన్నారు, ఐదు దాటినా తలుపు తెరుచుకోలేదు. నా ఫోన్ చార్జింగ్ ఎప్పుడో అయిపోయింది. టెన్షన్‌తో నేను లేచి అటూ ఇటూ తిరుగుతున్నాను. అమ్మ కళ్ళు మూసుకుని కూర్చుంది. పెదవులు కదులుతున్నాయి. వెళ్ళి పక్కన కూర్చున్నాను. పోతన గజేంద్రమోక్షంలో పద్యం. ఏనుగు ఇక తన వల్ల కాదని ఒప్పుకునే పద్యం.

"లావొక్కింతయు లేదు ధైర్యము విలో" అని ఆగింది.

కళ్ళు తెరవలేదు. కావాలని ఆగిందో, గొంతు పూడుకుపోయి ఆగిందో నాకు తెలీదు. నా నోట్లోంచి దానంతట అదే వచ్చింది. "లంబయ్యె."

ఆమె నా చెయ్యి పట్టుకుని తర్వాతి మాటకి వెళ్ళింది.

ఆ పద్యం శార్దూలం అనే ఛందస్సులోది. పాదానికి 19 అక్షరాలు, పదమూడో అక్షరం యతి. ఆ యతి సరిగ్గా మాట మధ్యలో పడుతుంది. మాట విలోలం, అమ్మ దువ్వెన ఆగేది 'విలో' దగ్గర. అందుకని చిన్నప్పుడు నేను 'విలో' వేరే మాట అనుకునేదాన్ని. ధైర్యం ఉండే చోటేదో ఉందనీ, దాని పేరు విలో అనీ. విలోలం అంటే ఊగిసలాడటం, నిలకడ తప్పడం అని బడిలో ప్రతిపదార్థం రాశాను, మార్కులూ వచ్చాయి. కానీ ఆ మాట మధ్యకి విరిగి, సగం అమ్మ దగ్గరా సగం నా దగ్గరా ఉండిపోయిన ఆ క్షణంలో గానీ దాని అర్థం నాకు తెలియలేదు. ధైర్యం ఊగుతోంది. ఇద్దరం చెరోవైపు పట్టుకున్నాం.

ఆ రాత్రి ఎన్ని పద్యాలు చదివామో లెక్కపెట్టలేదు. వచ్చినవన్నీ చదివాం. ఆమె సగం, నేను సగం. ఎదురు కుర్చీలో ఒక పెద్దాయన కాసేపు విని, ఒకచోట నేను తడబడితే ఆయన అందించారు. ఆయన ఎవరో, లోపల ఆయన వాళ్ళు ఎవరున్నారో మేం అడగలేదు. తెల్లవారుతుండగా తలుపు తెరుచుకుంది. నాన్న బాగానే ఉన్నారు. మెలకువ వచ్చి మాటలు కాస్త కుదుటపడ్డాక అమ్మ ఆయనకి చెప్పింది: "మీ ఆపరేషన్ ఎన్ని సీసాలు పట్టిందో తెలుసా?"

ఇంటికి వచ్చిన వారానికే మా స్విచ్‌బోర్డు పక్కన ఒక కాగితం అంటించాను. చేత్తో రాసిన ఒకే ఒక్క పద్యం. ఇంట్లో ఎవరైనా రోజుకి పదిసార్లు చెయ్యి పెట్టే చోటు అది. వారం తర్వాత ఆ కాగితం తీసి ఇంకోటి. కొన్ని వారాలు పద్యం, కొన్ని వారాలు నాలుగు పంక్తుల వచన కవిత. అందరూ చదవాలని రూలేం పెట్టలేదు. లైటు వేయడానికి వెళ్ళినప్పుడు కళ్ళు వాటంతట అవే చదివేస్తాయి.

ఫోన్‌లో చదివి చూశాను, నాకు కుదరలేదు. వేలు కిందికి జారుతూనే ఉంటుంది, దేని దగ్గరా ఆగదు. చేత్తో రాసుకోవాలి, నోటితో చదవాలి. కళ్ళతో చదివిన కవిత నాకు రెండు రోజులకి మించి నిలవలేదు, నోటితో చదివింది నిలిచింది. బయటికి వినబడేలా చదవడానికి మొదట్లో మొహమాటంగా ఉండేది. గిన్నెలు కడిగేటప్పుడు కుళాయి చప్పుడులో కలిపేసి చదవడం మొదలుపెట్టాను. ఇప్పుడు ఏ మొహమాటమూ లేదు.

మా బిల్డింగ్‌లో లిఫ్ట్ తరచూ పాడవుతుంది. ఒకరోజు మెట్లెక్కుతూ గమనించాను, ఒక వరసకి 16 మెట్లు. కందంలో గణాలు 16. మొదటి పాదంలో మూడు, రెండో పాదంలో ఐదు, మళ్ళీ మూడు, మళ్ళీ ఐదు. గణానికో మెట్టు! అప్పటి నుంచి పాపా నేనూ కందం చదువుకుంటూ ఎక్కుతాం. మూడో మెట్టు మీద ఒక క్షణం నిలబడతాం, ఎనిమిదో మెట్టు మీద ఇంకాస్త ఎక్కువసేపు. రెండో పాదం చివర, నాలుగో పాదం చివర గురువు, అంటే రెండు మాత్రల అక్షరం, ఉండి తీరాలి, అందుకని ఆ రెండుచోట్లా కాలు గట్టిగా ఆనుతుంది. కందం చెప్పినవాడే కవి అని పెద్దవాళ్ళు ఊరికే అనలేదు, రాయడం కష్టమే. ఎక్కడం మాత్రం చాలా సుఖం. లిఫ్ట్ బాగైనా సరే పాప ఇప్పుడు మెట్ల వైపే పరిగెడుతుంది.

మొన్న అమ్మ పుట్టినరోజుకి ఏం ఇవ్వాలో తోచక ఒక పద్యం రాద్దామని కూర్చున్నాను. ఆటవెలది ఎంచుకున్నాను. ప్రాస నియమం లేదు, మాటలు మాట్లాడుకునే మాటలకి దగ్గరగా పడతాయి, మొదటిసారి రాసేవాళ్ళని అది కోప్పడదు. ఒకటీ మూడూ పాదాల్లో మూడు సూర్యగణాలు, అంటే పొట్టి అడుగులు, రెండు ఇంద్రగణాలు, అంటే కాస్త పొడుగు అడుగులు. రెండూ నాలుగూ పాదాల్లో ఐదూ సూర్యగణాలే, వేమన మకుటంలాగా. వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటూ రెండు రాత్రులు కూర్చున్నాను. ఫోన్ చేసి వినిపించాను. మూడో పాదం ఇలా రాశాను:

దువ్వెనాగు చోటు మొదటిసారి యతిగ

అక్కడికి రాగానే అమ్మ ఆపేసింది. "మళ్ళీ చదువు." చదివాను. "'దు' దగ్గర బయల్దేరి 'మొ' దగ్గర దిగావే. వాళ్ళిద్దరికీ ఎక్కడి స్నేహం?"

నిజమే. యతి గురించి రాసిన పాదంలోనే యతి తప్పాను. గణాలు సరిపోయాయన్న సంతోషంలో చూసుకోలేదు. ఇంకో మాట కోసం నేను వెతుక్కుంటుంటే అవతల నుంచి, "మొదటిసారి అన్నా తొలిసారి అన్నా ఒకటే కదుటే? 'దు'కి 'తొ' కుదురుతుంది" అంది. కుదురుతుంది, 'ద'కి 'త', ఉకారానికి ఒకారం. కానీ తొలిసారిలో ఒక లఘువు, అంటే ఒక మాత్ర అక్షరం, తగ్గిపోతుంది. ఆ తగ్గింది ఎక్కడ పెట్టాలా అని నేను కాగితం మీద గీతలు గీస్తున్నాను. "చివర 'యతిగ' తీసేసి 'యతియని' అను. సరిపోయిందా?" అంది. సరిపోయింది. ఎనిమిదో క్లాసు చదివిన అమ్మ, కాగితం లేకుండా, ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని.

చిక్కు జడను దువ్వి చిన్ననాడమ్మయే
పద్య మొకటి నేర్పె పట్టుబట్టి
దువ్వెనాగు చోటు తొలిసారి యతియని
తెలిసె నాకు నొప్పి తెలియకుండ

"ఉండు, పెన్ను తెచ్చుకుంటాను" అంది. పాదం పాదం చెప్పించుకుంటూ రాసుకుంది. ఏ పుస్తకంలో అని నేను అడగలేదు. పేజీ తిప్పిన చప్పుడులోనే తెలిసిపోయింది, అంత పొడుగు పేజీ ఆ చిట్టా పుస్తకానికే ఉంటుంది.

పోయిన నెల సెలవులకి అమ్మా నాన్నా మా ఇంటికి వచ్చారు. పాపది అచ్చం నా జుట్టే. పొద్దున్నే వంటగదిలోకి అమ్మ గొంతు వినిపించింది, నెమ్మదిగా, సాగదీస్తూ. నా పద్యం! చేతిలో పని ఆపి గుమ్మం దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. పాప ఆమె మోకాళ్ళ మధ్య కూర్చుని ఉంది. కళ్ళలో కొంచెం నీళ్ళున్నాయి, ఏడుపు మాత్రం లేదు.

"దువ్వెనాగు చోటు..." అంది అమ్మ. దువ్వెన ఆగింది. "ఇప్పుడేం వస్తుంది?"

పాప ఒక క్షణం ఆలోచించి, "మొదటిసారి!" అంది.

అమ్మ తలెత్తి నా వైపు చూసింది. దువ్వెన ఇంకా అక్కడే ఉంది.

"దు... దు అంటున్నాను కదా అమ్మడూ. 'దు'కి స్నేహితురాలు ఎవరో బాగా ఆలోచించి చెప్పు."